పాత గాడ్జిల్లా సినిమాల్లో హీరోయిన్లకు కేకలు పెట్టడం తప్ప వేరే పనేమైనా ఉండేదా?

ఉండేదండి. అందరికీ కాదు, కుమి మిజునో అనే జపాన్ నటికి మాత్రం గట్టిగానే ఉండేది. ఈ ప్రశ్న నన్ను అడిగితే నేను ఆమె పేరు తప్ప ఇంకోటి చెప్పను. అందుకు కొంత కారణం ఆమె నటన, కొంత కారణం నేను ఆరు వారాలు ఆమె సొంతూళ్ళో ఉండి రావడం.

మా నాన్నది విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షెడ్డు. నేను కూడా తిరిగి తిరిగి పనిముట్ల వ్యాపారంలోనే పడ్డాను. కొన్నేళ్ళ కిందట సరుకు నాణ్యత చూసే పని మీద జపాన్‌లో నీగాతా వైపు సాంజో అనే ఊరికి పంపారు. కత్తులు, సుత్తులు, కటింగ్ ప్లయర్లు చేసే ఊరది. పక్కనే ఉన్న త్సుబామెలో చెంచాలు, ఫోర్కులు చేస్తారు. రెండూళ్ళకీ కలిపి త్సుబామె-సాంజో అని ఒకే బుల్లెట్ రైలు స్టేషను. నవంబరు నెల, పొద్దస్తమానం ముసురు, సాయంత్రం అయిదింటికే చీకటి. నేను దిగిన చిన్న బసకు యజమానురాలు డెబ్బై దాటిన పెద్దావిడ. ఓ రాత్రి భోజనాల దగ్గర, నాకొచ్చిన నాలుగు ముక్కల జపనీస్‌లో, చిన్నప్పటి నుంచీ గాడ్జిల్లా అంటే ఇష్టమని చెప్పాను. ఆవిడ చాప్‌స్టిక్స్ కింద పెట్టి, "మిజునో కుమి మా ఊరి పిల్లే" అన్నారు. మనవాళ్ళు "మా ఊరి ఆడపడుచు" అంటారే, అచ్చం ఆ గొంతుతో.

నిజమే. ఆమె 1937 జనవరి 1న సాంజోలో పుట్టింది. అసలు పేరు మాయా ఇగరాషి. మాయ అన్నది మన పేరులా వినిపించి, నేను సరిగ్గానే విన్నానా అని ఆవిడ చేత రెండోసారి చెప్పించుకున్నాను. తోహో స్టూడియోలో అన్ని రకాల వేషాలూ వేసింది గానీ, ఆమెను ఇప్పటికీ తలుచుకునేది కైజు సినిమాల వల్లే. కైజు అంటే ఈ రాకాసి జంతువులన్న మాట. గాడ్జిల్లా తొలి సినిమా తీసిన ఇషిరో హోండా చేతిలోనే ఆమె మంచి వేషాలన్నీ పడ్డాయి.

మర్నాడు ఆవిడ ఒక డీవీడీ బయటికి తీశారు. 1963లో వచ్చిన 'మతాంగో'. సబ్‌టైటిల్స్ లేవు. పెట్టమని అడగడానికి నాకు మొహమాటం. కథ నాకు అర్థమైనంత ఇది: ఏడుగురు ఒక యాట్‌లో షికారుకెళ్ళి తుఫానులో చిక్కుకుని, మనిషన్నవాడు లేని దీవికి కొట్టుకుపోతారు. అక్కడ ఒక పాడుబడ్డ ఓడ, దాని నిండా బూజు. దీవిలో తినడానికి పుట్టగొడుగులు తప్ప పెద్దగా ఏమీ దొరకవు, తిన్నవాళ్ళు మెల్లగా పుట్టగొడుగులై పోతారు. మిజునో వేషం మామి, క్లబ్బులో పాడే అమ్మాయి. మగాళ్ళంతా ఆమె కోసం కొట్టుకుంటారు. ఆమె కూడా తక్కువదేం కాదు, ఎవరి పక్కన నిలబడితే బతుకుతానో లెక్కలు వేసుకుంటూ ఉంటుంది.

నేను మర్చిపోలేనిది ఆమె ఓడలోకి తిరిగొచ్చే ఘట్టం. మిగిలినవాళ్ళు ఆకలితో పీక్కుపోయి, గడ్డాలు పెరిగి, బట్టలు చిరిగి ఉంటారు. ఈమె మొహం మాత్రం పెళ్ళికూతురిలా కళకళలాడుతూ ఉంటుంది. తినేసిందని ఎవరూ చెప్పనక్కర్లేదు. యాట్ యజమానిని అడవిలోకి పిలుచుకుపోతుంది, వర్షంలో నిలబడి నవ్వుతూ తింటుంది. భాష రాని నాకు కూడా ఆ నవ్వు చూస్తే ఒళ్ళు జలదరించింది. అందులో భయం లేదు, ఆకలి తీరిన సుఖం ఉంది. షూటింగులో ఆ పుట్టగొడుగుల్ని బియ్యప్పిండి మిఠాయితో చేయించారట, అందుకే నటులు ఇష్టంగానే తిన్నారు. నాకది తెలిసేసరికి ఆలస్యమైంది. సినిమా చూసిన మర్నాడు పొద్దున పెద్దావిడ మిసో సూప్‌లో నమెకో వేసి పెట్టారు. జిగురు జిగురుగా, నిగనిగలాడుతూ ఉండే చిన్న పుట్టగొడుగులవి. నేను గిన్నె కాస్త పక్కకి జరిపాను. ఆవిడ నన్ను చూసి కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వారు.

ఇక అసలు జోరు 1965 ఆగస్టు నుంచి 1966 డిసెంబరు దాకా. దాదాపు 16 నెలల్లో నాలుగు రాకాసి సినిమాలు. మొదటిదాంట్లో ఫ్రాంకెన్‌స్టైన్ రాక్షసుడి గుండె యుద్ధం చివర్లో జర్మనీ నుంచి హిరోషిమాకి చేరుతుంది, అణుబాంబు పడుతుంది, ఆ తర్వాత ఆ గుండెతో ముడిపడిన ఒక అనాథ పిల్లాడు కొండంత ఎదుగుతాడు. మిజునో అందులో డాక్టరు. వాడికి తిండి పెట్టి, వాడూ మనిషేనని చివరిదాకా నమ్మేది ఆమే. దీనికి అక్కచెల్లెలు లాంటి 1966 సినిమాలో రెండు రాక్షసులు, సాండా, గైరా. అక్కడ కూడా ఇంచుమించు అదే వేషం. కొండ అంచున వేలాడుతూ మీరన్న ఆ కేకలు కూడా పెట్టింది, కాదనను.

ఈ రెంటి మధ్యలో, 1965 డిసెంబరులో వచ్చిన 'ఇన్వేజన్ ఆఫ్ ఆస్ట్రో-మాన్‌స్టర్' మీ ప్రశ్నకు నా అసలు జవాబు. అందులో గాడ్జిల్లా, ఎగిరే రాకాసి రోడాన్, మూడు తలల కింగ్ గిదోరా ఉన్నాయి. ఎక్స్ అనే గ్రహం వాళ్ళు భూమిని మింగేయాలని చూస్తుంటారు. మిజునో నమికావా అనే అమ్మాయి. అమెరికన్ వ్యోమగామి గ్లెన్‌కి ప్రియురాలు, నిజానికి ఎక్స్ గ్రహపు గూఢచారి. ఆ గ్రహంలో ఆడవాళ్ళందరిదీ ఒకే మొహం. అంటే వాళ్ళందరూ మిజునోలే! ఎవరిని ప్రేమించాలో కూడా కంప్యూటరే చెప్పాలి. ఈమె ఆ మాట వినదు. గ్లెన్‌ని నిజంగానే ప్రేమిస్తుంది, అందుకు సొంతవాళ్ళే కిరణంతో కాల్చి మాయం చేస్తారు. చచ్చే ముందు అతనికి ఒక చీటీ అందిస్తుంది. ఫలానా రకం శబ్దం మా వాళ్ళు తట్టుకోలేరు అని అందులో ఉంటుంది. భూమి బతికింది గాడ్జిల్లా వల్ల అని అందరూ అంటారు గానీ, నన్నడిగితే ఆ చీటీ వల్ల.

గ్లెన్ వేషం వేసింది హాలీవుడ్ నటుడు నిక్ ఆడమ్స్. సెట్‌లో అతను ఇంగ్లీషులో మాట్లాడేవాడు, ఆమె జపనీస్‌లో జవాబిచ్చేది, తర్వాత డబ్బింగ్. ముంబై హీరోయిన్లతో మన సినిమాలు నడిచే పద్ధతే కాబట్టి మనకు వింతేమీ కాదు. వింతల్లా ఏమిటంటే, ఒకరి భాష ఒకరిది కాకపోయినా ఆ జంట నమ్మేలా ఉంటుంది.

నాలుగోది, 1966 డిసెంబరు నాటి ఎబిరా (రాకాసి రొయ్య) సినిమా, నాకు అంతగా నచ్చలేదు. దర్శకుడు జున్ ఫుకుదా. ముందు అనుకున్న నటికి అపెండిసైటిస్ రావడంతో మిజునోని పెట్టారు. దైయో అనే దీవి పిల్ల వేషం, ఆమెకప్పటికే 29 ఏళ్ళు. మొదట ఆ కథ కింగ్ కాంగ్ కోసం రాసుకున్నది. హీరో మారాడు గానీ కథ మారలేదు. అందుకే గాడ్జిల్లా ఆమె ఎదురుగా చతికిలబడి అలా చూస్తూ కూర్చుంటుంది. తెలియకపోతే బుర్ర గోక్కోవాల్సిందే.

ఆ తర్వాత గాడ్జిల్లా సినిమాల్లో 36 ఏళ్ళు కనపడలేదు. 2002లో వచ్చిన మెకాగాడ్జిల్లా సినిమాలో ఏకంగా జపాన్ ప్రధానమంత్రిగా తిరిగొచ్చింది. మళ్ళీ 2004లో 'ఫైనల్ వార్స్'లో భూరక్షణ దళానికి కమాండరు. శత్రువులు మళ్ళీ ఆ ఎక్స్ వాళ్ళే. ఆ కమాండరు పేరు అకికో నమికావా.

ఆ పేరు నేను పలకగానే పెద్దావిడ తెలుసన్నట్టు తలూపి, "ఈసారి ఆర్డర్లు తనే వేసింది" అన్నారు.

చూడాలనుకుంటే 1965 డిసెంబరుదానితో మొదలుపెట్టండి, ఇంగ్లీషు డబ్బింగ్ కాకుండా జపనీస్ ఆడియోతో. 'మతాంగో' రాత్రిపూట చూస్తే మాత్రం మర్నాడు మష్రూమ్ బిర్యానీ ఆర్డర్ పెట్టకండి.