రిఫర్బిష్డ్ లాప్‌టాప్ తీసుకోవచ్చా?

ఎమ్మెస్‌కి అమెరికా వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఇదే అడుగుతున్నారు. రిఫర్బిష్డ్ అంటే వెనక్కి వచ్చిన పాతదాన్ని బాగుచేసి మళ్లీ అమ్మేది, ధైర్యంగా తీసుకోండి. కాకపోతే ధర ఒక్కటే చూడకండి, రేపు పాడైతే ఎవరు పట్టించుకుంటారో ముందు చూడండి. యాపిల్ తన సైట్‌లో తానే అమ్మే రిఫర్బిష్డ్ మాక్‌లకి కొత్తవాటికిచ్చే ఏడాది వారంటీనే ఇస్తుంది, 14 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయొచ్చు. అమెజాన్‌లో ఇలాంటివి అమ్మే ‘రెన్యూడ్’ విభాగంలో గ్యారంటీ మామూలుగా 90 రోజులే, పైగా అక్కడ చాలావరకు అమ్మేది బయటి సెల్లర్లు. స్టూడెంట్ డిస్కౌంట్‌తో కొత్తది ఎంతకి వస్తుందో కూడా చూసుకోండి, 20 శాతమైనా తేడా లేకపోతే నేనైతే కొత్తదే కొంటాను.

విండోస్ కావాలంటే ఆఫీసుల్లో లీజు అయిపోయి వచ్చే థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్ మంచివి, గట్టిగా ఉంటాయి. కానీ ప్రాసెసర్ ఐ7 అని చూసి మురిసిపోవద్దు, అది ఏ జనరేషనో అడగండి. ఇంటెల్ 8వ జనరేషన్ కంటే పాతదైతే విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే ఆగిపోయింది.

అన్నిటికంటే నాకు భయం, పాత ఓనర్ కంపెనీ వేసిన లాక్ ఇంకా అందులో ఉండిపోతుందేమోననే. మా జూనియర్ ఒకబ్బాయి ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి, ఒక పార్కింగ్ లాట్‌లో క్యాష్ ఇచ్చి మాక్‌బుక్ తీసుకున్నాడు, అక్కడ ఆన్ చేసి చూస్తే అంతా బాగానే ఉంది, ఇంటికొచ్చి మొత్తం చెరిపేసి సెటప్ చేస్తుంటే వైఫై కలపగానే ‘రిమోట్ మేనేజ్‌మెంట్’ అని ఏదో కంపెనీ పేరుతో స్క్రీన్ వచ్చింది. ఆ కంపెనీ తన లిస్ట్‌లోంచి తీసేస్తే తప్ప అది వదలదు. అమ్మినతను మళ్లీ ఫోన్ ఎత్తలేదు. సెమిస్టర్ మొదట్లో ఆ పిల్లాడు పడిన టెన్షన్ చూశాను కాబట్టే ఇంతగా చెబుతున్నాను.

అందుకే బాక్స్ వచ్చిన రోజే మొత్తం చెరిపేసి, నెట్‌కి కలిపి సెటప్ చేయండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి powercfg /batteryreport కొడితే ఒక రిపోర్ట్ ఫైల్ తయారవుతుంది, అది తెరిస్తే బ్యాటరీ అసలు కెపాసిటీ ఎంత, ఇప్పుడు ఎంత మిగిలిందో చూపిస్తుంది. ప్రతి పోర్టూ, కెమెరా, ప్రతి కీ నొక్కి చూడండి. రిటర్న్ గడువు దాటాక కనిపెడితే లాభం లేదు.

ఫోన్ అయితే ‘అన్‌లాక్డ్’ అని, అంటే ఏ నెట్‌వర్క్ సిమ్ అయినా పనిచేసేలా ఉందని, రాసి ఉంటేనే తీసుకోండి. ఇండియాలో అమ్మానాన్నలకి ఇద్దామనుకుంటే ఇంకో సంగతి, ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మేవాటికి సిమ్ ట్రే ఉండదు, అంతా ఈసిమ్మే, అంటే ఫోన్ లోపలే ఉండే, బయటికి తీయలేని సిమ్. జియో, ఎయిర్‌టెల్ ఈసిమ్ ఇస్తాయి, కానీ ఫోన్ పాడైతే నాన్నగారు సిమ్ తీసి పాత ఫోన్‌లో వేసుకునే వీలుండదు, వాళ్లని అడిగాకే కొనండి.