పాఠకుల ప్రశ్నలు – జవాబులు: సంఘాల చట్టం మనమడిగితే మారుతుందా?

ప్రశ్న: మాస్టారూ నమస్కారం. మాది వజ్రపుకొత్తూరు మండలం, ఉద్దానంలో చిన్న ఊరు. కుర్రాళ్ళం పదిమందిమి 2014లో సంఘం పెట్టుకుని రిజిస్టర్ చేయించాం, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళని పలాస డయాలసిస్‌కి ఆటోలో తీసుకెళ్ళడం, ఒక చిన్న లైబ్రరీ, అంతే మా పని. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు రేకులు లేచిపోయి ట్రంకుపెట్టెలో నీళ్ళు చేరి మినిట్స్ బుక్కు తడిసిపోయింది. తరవాత మూడేళ్ళు కమిటీ లిస్టు ఇవ్వలేదు, అది మా తప్పే. ఇప్పుడు బ్యాంకులో సంతకాలు మార్చాలంటే కొత్త కమిటీ లిస్టు సర్టిఫైడ్ కాపీ కావాలంట, సంఘాల రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్తే పాత ఏళ్ళవి కూడా తెమ్మంటున్నారు, ఆరు నెలలుగా తిరుగుతున్నాం. ఎమ్మెల్యే గారు "ఫోన్ చేస్తాలే" అన్నారు. ఫోన్‌తో అయ్యేది కాదు, రూలే మారాలి అని మావాళ్ళంటున్నారు. మాలాంటోళ్ళు అడిగితే చట్టాలు మారతాయా?

జవాబు: మారతాయి బాబూ. మన రాష్ట్రంలోనే మారింది, అదే ముందు చెప్తాను. మీ ఊళ్ళో ఏ అక్కచెల్లెల్నైనా అడగండి, వాళ్ళ మండల మహిళా సమాఖ్య ఏ చట్టం కింద ఉందీ అని. చాలావరకు మాక్స్ చట్టం అంటారు, 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం. అంతకుముందు ఉన్నది 1964 చట్టం ఒక్కటే, దాని కింద సర్కారు తల్చుకుంటే ఎన్నికైన కమిటీని తీసేసి తను నియమించిన పర్సన్ ఇన్‌చార్జిని కూచోబెట్టేది, ఎన్నికలు వాయిదా వేసేది, సభ్యులు పైసా పైసా దాచుకున్న సంఘం అయినా సరే. హైదరాబాద్‌లో సహకార వికాస సంస్థ వాళ్ళు దీని మీద ఏళ్ళ తరబడి తిరిగారు, ఊళ్ళల్లో పొదుపు సంఘాలు నడిపి చూపించారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది, పాత చట్టాన్ని రద్దు చేసేయమని పట్టుబట్టలేదు, సర్కారు వాటా డబ్బు లేని సంఘాలకి పక్కన ఇంకో దారి పెట్టమన్నారు. పాతదాన్ని కదపకుండా కొత్తది ఇమ్మంటే ఎదురొచ్చేవాళ్ళు తగ్గుతారు కదా. దేశంలో ఇలాంటి చట్టం తెచ్చిన మొదటి రాష్ట్రం మనదే, తరవాత వేరే రాష్ట్రాలూ తెచ్చుకున్నాయి.

ఇప్పుడు మీ సంగతి. మీది 2001 సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం. ఏడుగురుంటే సంఘం పెట్టుకోవచ్చు, ఏటా మహాసభ అయిన 15 రోజుల్లో కమిటీ లిస్టు ఇవ్వాలి, గొడవొస్తే ఆర్బిట్రేషన్‌కి (మధ్యవర్తి తీర్పుకి) గానీ జిల్లా కోర్టుకి గానీ పోవాలి. సంఘాలనేవి రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలో ఉన్నాయి కాబట్టి దీన్ని మార్చేది మన అసెంబ్లీయే, ఢిల్లీ కాదు. అంటే మీకు కావాల్సినవాళ్ళు దగ్గర్లోనే ఉన్నారు.

మేం ఒకసారి చేసిన తప్పు చెప్తాను, మీరు చెయ్యకండి. పదకొండు మందిమి, అందరం స్వచ్ఛంద సంస్థలవాళ్ళమే, ఇంగ్లీషులో పద్నాలుగు పేజీల మెమొరాండం పట్టుకుని ఒక ప్రజాప్రతినిధి దగ్గరికెళ్ళాం. ఆయన మర్యాదగానే టీ ఇప్పించి, కాయితాలు మడిచి పక్కనున్న అబ్బాయికిచ్చి, "ఎన్జీవోలంటే బయట డబ్బులొస్తాయి కదా" అన్నారు. అక్కడికి ఐపోయింది. రెండోసారి వెళ్ళినప్పుడు గుడి కమిటీ పెద్దాయన, చేపలోళ్ళ సంఘం ప్రెసిడెంటు, రిటైరైన టీచర్ల సంఘం, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ ఒకావిడ, ఇలా వెళ్ళాం, ఒకటే పేజీ, తెలుగులో. ఆయన ఆ కాయితం చదవడానికి ముందే గుడి పెద్దాయన్ని చూసి లేచి నిలబడ్డారు. ఎన్జీవో చట్టం అంటే ఎవరికీ పట్టదు బాబూ, కానీ ఆ గుడి కమిటీ, ఆ చేపల సంఘం, ప్రైవేటు కాలేజీలు నడిపే సొసైటీలు కూడా ఈ చట్టం కిందే రిజిస్టర్ అవుతుంటాయి, అందరి ఫైలూ ఒకే బల్ల మీద ఆగుతుంది, ఆ సంగతి వాళ్ళకే తెలీదు. ముందు మీ మండలంలో ఇలాంటివి ఎన్నున్నాయో తిరిగి రాసుకోండి, పార్టీ చూడకండి, ఎక్కడెక్కడ ఏం ఆగిందో తేదీలతో సహా రాయించుకోండి.

అడిగేది కూడా చిన్నదై ఉండాలి. మీ కేసులోనే చూడండి, తుఫానులో పుస్తకం తడిసి పాడైంది, ఆ ఏళ్ళ లిస్టులు ఒక అఫిడవిట్ మీద, కొంత లేటు ఫీజుతో ఒకేసారి తీసుకునే వీలు, లిస్టు ఇచ్చాక ఇన్ని రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే తీసుకున్నట్టే అన్న ఒక్క వాక్యం. ఆ తడిసిన పుస్తకం పారేయలేదు కదా? సిరా కారిపోయిన ఆ పేజీలు, వేలిముద్రలు ఊదా రంగు మరకలైపోయినవి, ఫొటో తీసి ఆ ఒక్క పేజీ వెనక అంటించండి. జిల్లాలో ఎమ్మెల్యేలందరికీ, మన శ్రీకాకుళం–విజయనగరం–విశాఖ టీచర్ల ఎమ్మెల్సీకీ అసెంబ్లీ సెషన్‌కి ముందే అందేలా ఇవ్వండి, ప్రశ్నగా వెయ్యమని అడగండి. టీచర్లు రిటైరయ్యాక ఇలాంటి సంఘాల్లోనే ఉంటారు, ఆయనకి వెంటనే అర్థమవుద్ది.

ఇంకోటి, దొంగ సంఘాలున్నాయి, కాయితం మీద తప్ప ఎక్కడా కనపడనివి, ఎదుటివాళ్ళు ముందు అదే అంటారు. అందుకే మీ ఆటో డీజిల్ ఖర్చుతో సహా మూడేళ్ళ లెక్కలు ఊరి రచ్చబండ దగ్గర అంటించాకే బయల్దేరండి. మేం లెక్క చెప్పం అనట్లేదు, చెప్తాం, తీసుకోండి అంటున్నాం, ఈ మాట నాకు ప్రాణంతో సమానం, ఎందుకంటే డయాలసిస్‌కి వెళ్ళే మనిషి బ్యాంకు సంతకం కోసం ఆగలేడు.

ప్రశ్న: సార్, మాది విజయనగరం. మా ఆడవాళ్ళ కుట్టు సెంటర్‌కి ఒక పెద్ద సంస్థ వాళ్ళకొచ్చే విదేశీ విరాళంలోంచి కొంత ఇచ్చేది, 2020 తరవాత ఆపేశారు. మేం కూడా ఎమ్మెల్యే గారికే చెప్పాలా?

జవాబు: లేదమ్మా, మీది ఎంపీ గారి పని. విదేశీ విరాళాల చట్టం కేంద్రానిది, హోం శాఖ చూస్తుంది. 2020 సవరణతో ఒక సంస్థ తీసుకున్న విదేశీ డబ్బు ఇంకో సంస్థకి ఇవ్వకూడదన్నారు, ఆఫీసు ఖర్చు 50 శాతం నుంచి 20కి దించారు, డబ్బు ముందు ఢిల్లీలో ఒకే స్టేట్ బ్యాంక్ బ్రాంచిలో పడాలన్నారు. ఇంకో సంస్థకి ఇవ్వకూడదన్నదాన్నీ, ఢిల్లీ బ్రాంచి రూల్నీ 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సమర్థించింది కాబట్టి ఇక మిగిలింది పార్లమెంటే. నిఘా వద్దని అడగొద్దు, మీలాంటి చిన్న సెంటర్లకి లెక్క చెప్పి తీసుకునే దారి కావాలని అడగండి, ఎన్ని మిషన్లు మూలపడ్డాయో చెప్పండి. పైన ప్రశ్న అడిగిన ఉద్దానం వాళ్ళ అర్జీతో దీన్ని కలపొద్దు, విదేశీ అన్న మాట వినపడగానే వాళ్ళదీ ఆగిపోద్ది.

చిన్నవాళ్ళ మాట అసలు వినరనీ కాదు. ఇన్‌కమ్‌టాక్స్ మినహాయింపు కోసం చేయించుకునే రిజిస్ట్రేషన్ ఐదేళ్ళకోసారి రెన్యువల్ అన్నప్పుడు చిన్న ట్రస్టులన్నీ మొత్తుకున్నాయి, 2025 బడ్జెట్‌లో అంతకుముందు రెండేళ్ళూ ఆదాయం 5 కోట్లు దాటనివాటికి పదేళ్ళు చేశారు. మీ సెంటర్ రిజిస్ట్రేషన్ ఎప్పటిదో, ఆ పదేళ్ళు మీకొస్తాయో లేదో ఈ వారంలోనే ఆడిటర్ని అడిగి కనుక్కోండమ్మా.