కప్ప మందు, కాలి పుండు

ప్రశ్న: మాది గజపతి జిల్లా, పర్లాకిమిడి పక్క పల్లె. నాన్నగారికి షుగరు. అరికాలి పుండు రెండు నెలలైనా మానలేదు. కప్ప చర్మం నుంచి క్రిములను చంపే పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ తునక) మందు తీశారట. బరంపురంలో దొరుకుతుందా? ఈలోగా ఉప్పు, పసుపు అద్దవచ్చా?

జవాబు: దొరకదు. మీరు విన్నది కట్టుకథ మాత్రం కాదు. 1987లో అమెరికా శాస్త్రవేత్త మైకేల్ జాస్లోఫ్ ఆఫ్రికా కప్ప చర్మంలో మెగైనిన్లనే పెప్టైడ్లను కనుక్కున్నారు. వాటిని అనుసరించి చేసిన పెక్సిగనాన్ పూతమందును షుగరు పుండ్ల మీదే పరీక్షించారు. ఉన్న యాంటీబయాటిక్ మాత్ర కంటే మెరుగని తేలలేదు. 1999లో అమెరికాలో అనుమతి రాలేదు.

ఇలాంటివి మన ఒంట్లోనూ ఉన్నాయి: డిఫెన్సిన్లు, 37 అమైనో ఆమ్లాల ఎల్‌ఎల్-37. వీటిది ధనావేశం, బ్యాక్టీరియా పైపొరది రుణావేశం. అందుకే వెళ్ళి అతుక్కుని పొరను ఛిద్రం చేస్తాయి. మన కణాల పైపొరకు అంత రుణావేశం ఉండదు కనుక చాలావరకు బతికిపోతాయి. మోతాదు పెంచితే అవీ దెబ్బతింటాయి. మందు చేయడంలో చిక్కంతా అక్కడే.

మరి ఒంట్లో ఉండీ పుండు ఎందుకు మానదు? చచ్చిన కణాల నుంచి కారే డీఎన్‌ఏది కూడా రుణావేశమే. చీములో పెప్టైడ్లు దానికే అతుక్కుపోతాయి. పుండ్లలో చీము పట్టించే స్టాఫ్ బ్యాక్టీరియా అయితే ఎల్‌ఎల్-37ని ముక్కలు చేసే ఎంజైమునే వదులుతుంది. కుళ్ళిన కండ తీయించనిదే పైన ఏం పూసినా వృథా. ఉప్పు ఎక్కువైతే డిఫెన్సిన్ల పదును తగ్గుతుంది కూడా, కాబట్టి ఉప్పు నేరుగా అద్దవద్దు. వంటింటి పసుపూ వద్దు, అది క్రిములు లేని పొడి కాదు.

లీటరు నీళ్ళు మరిగించి చల్లార్చి, 9 గ్రాముల ఉప్పు (తలకొట్టిన చిన్న చెంచాతో ఒకటిన్నర) కలిపి, ఆ పలచని ఉప్పునీటితో మాత్రం కడిగి శుభ్రమైన కట్టు కట్టండి. వేడినీళ్ళలో పాదం ముంచవద్దు. స్పర్శ తగ్గిన కాలికి కాలినా తెలియదు. చాలామంది మరిచేది ఒకటుంది: ఆ కాలి మీద బరువు మోపడం ఆపాలి. నడుస్తూ ఉంటే ఏ మందూ పనిచేయదు. రెండు నెలలంటే ఇప్పటికే ఆలస్యం. ఈ వారంలోనే సర్జన్‌కు చూపించి, పాదంలో రక్తప్రసరణ, ఎముక ఎక్స్‌రే చూడమనండి. నలుపు, దుర్వాసన, జ్వరం, పైకి పాకే ఎరుపు, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే వెళ్ళండి.

ప్రశ్న: గుణుపురంలో కోళ్ళ షెడ్డు ఉంది. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ పాత ప్యాకెట్లు మిగిలాయి. అదీ పెప్టైడే కదా, వాడేయవచ్చా?

జవాబు: పెప్టైడే, కానీ బ్యాక్టీరియా తయారుచేసేది. కోళ్ళకు, పశువులకు, దాణాలో వాడకాన్ని 2019 జూలైలో కేంద్రం నిషేధించింది. ఐసీయూలో మనుషులకు చివరగా మిగిలే మందుల్లో ఇదొకటి. ఎంసీఆర్-1 అనే జన్యువు చేరిన బ్యాక్టీరియా పైపొరలో రుణావేశాన్ని తగ్గించుకుంటుంది, కొలిస్టిన్ అతుక్కోదు. 2015లో చైనాలో బయటపడిన ఈ జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి దూకగలదు. ప్యాకెట్లను కాలువలో, పెంటకుప్పలో వేయకండి. పశువైద్యాధికారిని అడిగి అప్పగించండి.