మీ నీళ్లే బాగోలేవంటే వారంటీ పోయినట్టేనా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పోయిన ఏడాది దసరాకి భీమవరంలో ఒక షాపులో 8 కిలోల టాప్ లోడ్ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్ కొన్నాం. ధర 23,500 రూపాయలు, వారంటీ రెండేళ్లు. బట్టలు వేస్తే చాలు, ఎన్ని నీళ్లు కావాలో అదే చూసుకుంటుందని షాపాయన చెప్పారు. మొదటి నుంచీ చీరలు వేస్తే టబ్బు సగానికే నీళ్లు పడుతున్నాయి. గోదావరికి ఎర్రనీరు వచ్చిన దగ్గర్నుంచి ఇంకో గొడవ మొదలైంది. ఒక్కోసారి నీళ్లు పడుతూనే ఉంటాయి, ఆగవు. ఒకరోజు మెషీన్ వేసి గుడికి వెళ్లొచ్చేసరికి వంటింట్లో నీళ్లు నిలిచి రెండు బియ్యం బస్తాలు తడిసిపోయాయి. సర్వీసు వాళ్లు మూడుసార్లు వచ్చారు. మొదటిసారి సెన్సార్ పైపు మార్చి 850 తీసుకున్నారు. రెండోసారి శుభ్రం చేసి వెళ్లారు. మూడోసారి ‘మీవి కాలవ నీళ్లు, ఒండ్రు ఎక్కువ, ట్యాంకు ఎత్తు కూడా చాలదు, ఇది వారంటీలోకి రాదు’ అన్నారు. షాపాయన కంపెనీతో మాట్లాడుకోమంటున్నారు. మధ్యలో మా వీధి మెకానిక్ వెనక రేకు విప్పి చూశాడు, ఏమీ మార్చలేదు. మేం వినియోగదారుల కోర్టుకి వెళ్లొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: వెళ్లొచ్చమ్మా. కాకపోతే మీరు రెండు వేరువేరు ఫిర్యాదులు ఒకే మూటలో కట్టారు. ఆ మూట విప్పకుండా వినియోగదారుల కమిషన్ (మీరు కోర్టన్నది దాన్నే) ముందు పెడితే, బలం లేని ఫిర్యాదు బలమైనదాన్ని కూడా చెడగొడుతుంది.

ముందు చీరల సంగతి. మీ మెషీన్‌లో తూకం వేసే కాటా ఏమీ ఉండదు. స్టార్ట్ నొక్కగానే, ఇంకా నీళ్లు పడకముందే, అడుగున ఉన్న చక్రం బట్టల్ని అటూ ఇటూ రెండు మూడుసార్లు తిప్పుతుంది, గమనించే ఉంటారు. మోటారు మీద ఎంత బరువు పడింది, కరెంటు ఆపాక చక్రం ఎంతసేపట్లో నిలిచింది అన్నదాన్ని బట్టి బట్టలు ఎన్ని ఉన్నాయో అంచనా వేస్తుంది. సిల్కు, నైలాన్ చీరలు చూడ్డానికి గంపెడు, బరువు చూస్తే పిడికెడు. కాబట్టి తక్కువ నీళ్లు చాలనుకుంటుంది. దీనికి భిన్నంగా, మన ఇళ్లలో చేసినట్టు కాలర్లు రుద్ది, నానబెట్టి, తడి బట్టలే వేస్తే బరువెక్కువ అనుకుని ఎక్కువ నీళ్లు పడతాయి. ఇది మెషీన్ తీరే గాని లోపం అనిపించుకోదు. ప్యానెల్ మీద నీటి మట్టం బటన్ ఉంటే చీరలు వేసినప్పుడు మట్టం మీరే పెంచుకోండి. ఈ ఫిర్యాదు కేసులో రాయొద్దు. రాస్తే అవతలి లాయరు మాన్యువల్ తెరిచి ఆ పేజీ చదివి, ‘ఈవిడకు మెషీన్ వాడడమే రాదు’ అని మొదలుపెడతాడు.

మీ కేసంతా రెండోదే. నీళ్లు ఆగకపోవడం.

ఖాళీ గ్లాసును బోర్లించి బకెట్‌లో ముంచితే లోపలి గాలి బయటికి పోలేక నొక్కుకుపోతుంది కదా, మెషీన్ నీటి మట్టం కనిపెట్టేది ఆ పద్ధతిలోనే. టబ్బు అడుగున చిన్న గాలి గది ఉంటుంది. అక్కడి నుంచి సన్నటి పైపు ఒకటి పైన ఉన్న ప్రెషర్ సెన్సార్‌కి వెళుతుంది. నీళ్లు పెరిగేకొద్దీ పైపులోని గాలి నొక్కుకుంటుంది, సెన్సార్ ఆ ఒత్తిడిని మెషీన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డుకి చెబుతుంది, కావాల్సిన మట్టం రాగానే బోర్డు నీళ్ల వాల్వుకి కరెంటు ఆపేస్తుంది. ఆ సన్నటి పైపుకి చిల్లి పడ్డా, ఊడినా, గాలి గదిలో మడ్డి పేరుకున్నా సెన్సార్‌కి సంగతి తెలియదు. టబ్బు నిండినా బోర్డు ఇంకా ఖాళీగానే ఉందనుకుంటుంది.

ఇదంతా లాయరు ఎందుకు చెబుతున్నాడంటే, మొదటిసారి వచ్చిన కుర్రాడు మార్చింది సరిగ్గా ఆ పైపునే. జాబ్ కార్డు (సర్వీసు వాళ్లు చేసిన పని రాసిచ్చే కాగితం) మీద ‘సెన్సార్ పైపు మార్చాం’ అని రాసి ఉంటే, నీళ్లు ఆగకపోవడానికి కారణం మెషీన్‌లోనే ఉందని కంపెనీ తన చేతిరాతతో ఒప్పుకున్నట్టు. వారంటీ ఉన్న మెషీన్‌కి 850 ఎందుకు తీసుకున్నారన్నది దాని వెంటే వచ్చే ప్రశ్న. అదే కంపెనీ మూడోసారి వచ్చి ‘మీ నీళ్లదే తప్పు’ అంటోంది. రెండు మాటలూ ఎలా నిజమవుతాయో వాళ్లు చెప్పుకోవాలి. ఆ మూడోసారి కార్డు మీ దగ్గర ఉందా? చాలామంది సర్వీసు వాళ్లు వారంటీ రాదని నోటితో చెప్పి, కాగితం మీద మాత్రం ‘చెక్ చేశాం’ అని రాసి సంతకం పెట్టించుకుని వెళతారు. మీ కార్డూ అలాగే ఉంటే ఈ రోజే కంపెనీ ఈమెయిల్‌కి రాసి, ఏ కారణంతో వారంటీ నిరాకరిస్తున్నారో లిఖితపూర్వకంగా అడగండి. జవాబు వస్తే అది మీ సాక్ష్యం. రాకపోతే మీరు అడిగిన ఈమెయిలే సాక్ష్యం.

వాళ్ల వాదనను తేలిగ్గా తీసుకోవద్దు కూడా. నీళ్లు ఆగకపోవడానికి రెండో కారణం వాల్వు. అందులో రబ్బరు పొర సరిగ్గా కూర్చుంటేనే నీళ్లు ఆగుతాయి. ఇసుక రేణువు అడ్డుపడినా, నీటి ఒత్తిడి మరీ తక్కువైనా అది పూర్తిగా మూసుకోకపోవచ్చు. అలాంటప్పుడు ఒండ్రు, ట్యాంకు ఎత్తు అన్న మాటలకు పస ఉంటుంది. దోషం వాల్వుదా, సెన్సార్‌దా అన్నది తేల్చడానికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. నీళ్లు ఆగకుండా పడుతున్నప్పుడు గోడ దగ్గర స్విచ్ ఆపేయండి. కరెంటు పోయినా నీళ్లు పడుతూనే ఉంటే దోషం వాల్వుది. స్విచ్ ఆపగానే నీళ్లు ఆగిపోతే వాల్వు బాగున్నట్టే, దోషం సెన్సార్ వైపో బోర్డు వైపో ఉంది. దీన్ని ఫోన్‌లో వీడియో తీయండి. స్టార్ట్ నొక్కిన దగ్గర్నుంచి ప్యానెల్, టబ్బు, స్విచ్ మూడూ కనపడేలా, మధ్యలో ఆపకుండా, ఒకే ముక్కగా ఉండాలి. ఆ ఫోన్‌లోంచి వీడియో చెరపొద్దు. కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియం 2023, సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన సర్టిఫికెట్ జతచేయాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా పట్టించుకోవు గాని, పెడితే పోయేదేమీ లేదు.

ట్యాంకు ఎత్తుకి టేపు చాలు. కనీసం ఎంత నీటి ఒత్తిడి కావాలో మాన్యువల్లో రాసి ఉంటుంది. మీటరు ఎత్తు నీళ్లకి సుమారు 0.01 మెగాపాస్కల్ ఒత్తిడి. మీ మాన్యువల్లో 0.03 అని ఉందనుకోండి, మెషీన్ కుళాయి నుంచి ట్యాంకులో నీటి మట్టం దాకా మూడు మీటర్లుంటే సరిపోతుంది, పైపుల్లో పోయేదానికి ఇంకాస్త వదలాలి. డాబా మీద దిమ్మ కట్టి పెట్టిన ట్యాంకైతే మామూలుగా సరిపోవాలి. కొలిచి రాసిపెట్టుకోండి.

ఇక ఒండ్రు. నాకు కోపం తెప్పించిన మాట ఇదే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ ఈ డెల్టా కాలవ నీళ్ల మీదే బతుకుతోంది. ఎండాకాలం కాలవలు కట్టేస్తే చెరువులో నిల్వ చేసిన నీళ్లు, వరదకి ఎర్రనీరు, సముద్రం దగ్గరికి వెళితే బోరులో ఉప్పు నీళ్లు. ఇవి మీ ఇంటి ప్రత్యేకతలు కావు. భీమవరంలో షాపు పెట్టి అమ్మేవాడికి ఇక్కడి కుళాయిలో ఏం వస్తుందో తెలియదంటే నమ్మే జడ్జి ఎవరు? వస్తువుల విక్రయ చట్టం 1930 సెక్షన్ 16 ప్రకారం, కొనేవాడు తన అవసరం చెప్పి అమ్మేవాడి నేర్పు మీద ఆధారపడి కొంటే వస్తువు ఆ పనికి తగినట్టు ఉండాలి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 2(10) ఇంకా నేరుగా చెబుతుంది. ఒప్పందం ప్రకారమో, వ్యాపారి ఏ రూపంలోనైనా చెప్పుకున్నదాని ప్రకారమో ఉండాల్సిన ప్రమాణం లేకపోతే అది లోపమే. షాపాయన నోటిమాట రుజువు చేయడం కష్టం. ‘నీళ్లు అదే చూసుకుంటుంది’ అన్న మాట డబ్బా మీదో, పాంప్లెట్లోనో, షాపు పంపిన వాట్సాప్‌లోనో అచ్చులో ఉంటే పట్టుకోండి.

అయితే వారంటీ కార్డులో ‘బురద నీటి వల్ల కలిగే లోపాలకు వర్తించదు’ అని సన్న అక్షరాల్లో ఉండే అవకాశం ఉంది. ఉంటే, అది మీకు ఎప్పుడు చూపించారన్నది ముఖ్యం. డబ్బు కట్టకముందా, ఇంటికొచ్చి డబ్బా విప్పాకా? 2000లో మోడరన్ ఇన్సులేటర్స్ కేసులో సుప్రీంకోర్టు, మినహాయింపు షరతును పాలసీదారుకి తెలియజేయకుండా, తర్వాత దాన్నే చూపించి క్లెయిమ్ తప్పించుకోవడం చెల్లదంది. అది ఇన్సూరెన్స్ కేసు కాబట్టి మీకు అచ్చంగా అతకదు, కానీ వాదనకు పనికొస్తుంది. అలాగే నీళ్ల పైపు మెషీన్‌లోకి దూరే చోట ఉండే చిన్న జల్లెడను మీరు ఎప్పుడైనా కడిగారా? ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది. కడగకపోతే కడిగామని చెప్పొద్దు. ఇప్పటి నుంచైనా ఫొటో తీసి కడుగుతూ ఉండండి.

వీధి మెకానిక్ రేకు విప్పిన సంగతి దాచొద్దు. వినియోగదారుల రక్షణ చట్టంలో, వస్తువు అమ్మినవాడి బాధ్యతకి మినహాయింపులు చెప్పే సెక్షన్ 87లో వస్తువును దుర్వినియోగం చేయడం, మార్చడం ఉన్నాయి. మీ మెకానిక్ చూశాడు గాని ఏమీ మార్చలేదు. ఆ సంగతి తేదీతో సహా మీ అఫిడవిట్‌లో (ప్రమాణ పత్రంలో) మీరే రాయండి. సర్వీసు వాళ్లు మొదటిసారి రావడానికి ముందు విప్పాడా, మూడోసారి తర్వాత విప్పాడా అన్నది కూడా తేడా తెస్తుంది. వాళ్లు చేతులెత్తేశాక విప్పితే ఎవరూ తప్పుపట్టరు.

బియ్యం బస్తాల దగ్గర చిన్న మెలిక ఉంది. లోపం వల్ల ఆ వస్తువు కాకుండా వేరే ఆస్తికి నష్టం జరిగితే ఉత్పత్తి బాధ్యత కింద పరిహారం అడగొచ్చు. కానీ ‘హాని’ అంటే ఏమిటో చెప్పే సెక్షన్ 2(22) వారంటీ షరతుల ఉల్లంఘన వల్ల కలిగిన ఆస్తి నష్టాన్ని అందులోంచి తీసేసింది. అందుకని ఒక్క దారినే నమ్ముకోకుండా, నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టానికి సెక్షన్ 39 కింద పరిహారం కూడా అడగాలి. బియ్యం కొన్న బిల్లు, తడిసిన బస్తాల ఫొటో ఉంటే జతచేయండి.

షాపు, కంపెనీ, సర్వీసు సెంటర్ ముగ్గురినీ ప్రతివాదులుగా పెట్టండి. ‘కంపెనీతో మాట్లాడుకోండి’ అన్న షాపాయన, కమిషన్ నోటీసు అందాక తనే కంపెనీతో మాట్లాడతాడు. ముందుగా 15 రోజుల గడువిస్తూ ముగ్గురికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చట్టం ప్రకారం తప్పనిసరి కాదు, అయినా సగం తగవులు అక్కడే తెగుతాయి. 1915 నంబరుకి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా నమోదు చేయండి. తేలకపోతే వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో ఇంటి నుంచే ఫిర్యాదు వేయొచ్చు. మీరు నివసించే జిల్లాలోనే వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది కాబట్టి కంపెనీ హెడ్డాఫీసు ఏ ఊళ్లో ఉందో వెతుక్కోనక్కర్లేదు. వస్తువు ధర 5 లక్షల లోపు కనుక ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, నా వృత్తికి నష్టమైనా చెప్పక తప్పదు. గడువు రెండేళ్లు, మీకు బోలెడంత ఉంది.

నోటీసు అందాక ప్రతివాదులు 30 రోజుల్లో జవాబు వేయాలి, కమిషన్ ఇంకో 15 రోజులు ఇవ్వగలదు. ఆ 45 రోజులు దాటితే ఒక్క రోజు కూడా కుదరదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మెషీన్‌ని పరీక్షకి పంపాలనుకుంటే కమిషన్ సెక్షన్ 38 కింద పంపగలదు, ఖర్చు ముందుగా మిమ్మల్ని కట్టమనొచ్చు. పరీక్ష లేకపోతే మూడు నెలల్లో, ఉంటే ఐదు నెలల్లో తేల్చాలంటుంది చట్టం. వాయిదాలు కలుపుకుంటే ఎక్కువే పడుతుంది, సిద్ధంగా ఉండండి. లోపం నిరూపించే భారం ప్రధానంగా మీదే. వీడియో, జాబ్ కార్డులు అంటూ ఇంతసేపు చెప్పింది అందుకే.

ఏం అడగాలంటే, కొత్త మెషీన్ లేదా 23,500 వడ్డీతో వాపసు, ఆ 850, బియ్యం ఖరీదు, తిరుగుళ్లకీ మనోవేదనకీ ఒక మోస్తరు మొత్తం. పక్కింటివాళ్లు ఐదు లక్షలు అడగమంటారు, వినొద్దు. కేసు మధ్యలో రాజీకి పంపితే వెళ్లండి, కొత్త మెషీన్ ఇస్తామంటే తీసుకోండి. ‘మోటారుకి 10 ఏళ్ల వారంటీ ఉంది కదా’ అని బుజ్జగిస్తే మాత్రం ఒప్పుకోవద్దు. ఇక్కడ పాడైంది మోటారు కాదు.

అన్నట్టు, తేలేదాకా మెషీన్ తిరుగుతుండగా ఇల్లు వదిలి వెళ్లకండి. పనైపోగానే గోడ కుళాయి కట్టేయండి. ఒకసారి పొంగిందని తెలిసి కూడా మళ్లీ అలాగే వదిలేస్తే, రెండోసారి తడిసిన బస్తాలు మీ లెక్కలోకే వస్తాయి.