ఇంజన్ మార్చిన పద్మిని కారును క్లబ్ వాళ్లు ర్యాలీకి వద్దంటే

అన్నా, మీ నాయన 1982 ప్రీమియర్ పద్మిని కారుకు డీజిల్ ఇంజన్ వేయించి, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు పెట్టించారని చిత్తూరు పాత కార్ల క్లబ్ వాళ్లు కాణిపాకం ర్యాలీకి వద్దన్నారు కదా. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టడమే తప్పు.

బ్రేకుల విషయంలో వాళ్లది వట్టి పట్టుదల. నాలుగు చక్రాలకూ పాతకాలం డ్రమ్ బ్రేకులే ఉన్న బండిలో భాకరాపేట ఘాట్ దిగి చూడమనండి. రెండు మలుపులు తిరిగేసరికి పెడల్ కిందికి పోతుంది, కాలిన బ్రేకు లైనర్ల వాసన లోపలికే కొడుతుంది. డిస్కులు, సీటు బెల్టులు, బ్యాటరీ ఛార్జ్ చేసే డైనమో బదులు ఆల్టర్నేటర్, ఇవన్నీ ఎప్పుడైనా విప్పి పాతవి బిగించుకోవచ్చు. పాత డ్రమ్ములు పాత ఇనుముకు వేసేయలేదు కదా?

ఇంజన్ సంగతి వేరు. ఒరిజినల్ 1089 సీసీ పెట్రోల్. కొత్త ఇంజన్ నంబరు, ఇంధనం ఆర్సీలో ఎక్కాయా, ముందు అది చూసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆర్టీఓ అనుమతి లేకుంటే, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లూ పేచీ పెడతారు. అలాంటప్పుడు క్లబ్ జంకడంలో తప్పులేదు.

పాత బండ్ల రిజిస్ట్రేషన్‌కు తెచ్చిన 2021 వింటేజ్ రూల్స్ చూపిస్తే మాత్రం ఒప్పుకోవద్దు. అవి 50 ఏళ్లు దాటి, ఛాసిస్ (అడుగు చట్రం), బాడీ, ఇంజన్ మార్చని బండ్లకు. మీ బండి వయసే చాలదు.

ఆర్సీ సరిగ్గా ఉంటే 'మోడిఫైడ్' అని వేరే వరస అడగండి, బహుమతి పోటీలో లేకుండా. ఒరిజినల్ బండ్లవాళ్లకూ అప్పుడు అభ్యంతరం ఉండదు.