యూల్ దుంగకు డబ్బు పెట్టకు తల్లీ

చిట్టితల్లీ,

ఈ డిసెంబరు 21న, ఏడాదిలోకెల్లా పొడవైన రాత్రి చేసే యూల్ పండగ, మీ లండన్ ఫ్లాట్‌లోనే చేసుకుందామని మీ అత్తగారు అన్నారట, చాలా సంతోషం. ఆ రాత్రి పొయ్యిలో చెక్క దుంగ కాల్చడం ఆనవాయితీ కదా, పొయ్యి లేని ఇంట్లో ఎలాగని బెంగపడకు. ఈ రోజుల్లో చాలామంది పేగన్లు (ప్రకృతిని కొలిచేవాళ్లు) దుంగ మీద కొవ్వొత్తులు గుచ్చి వెలిగించే కొవ్వొత్తుల దుంగే పెట్టుకుంటున్నారు.

షాపులో మాత్రం కొనకు. సొంత తోటలోదో, ఎవరైనా ఇచ్చిందో అయి ఉండాలన్నది పాత పట్టింపు. ఆ పట్టింపు నాకు ఎంతో ఇష్టం. మీ అత్తగారి పెరట్లో ఎప్పుడో గాలికి విరిగిపడి ఎండిన బర్చ్ కొమ్మ ఉందేమో అడుగు, ఆవిడ మురిసిపోతారు. ఓక్ అయినా, యాష్ అయినా మంచిదే. యూ చెట్టు జోలికి పోకు, అది విషం. పచ్చికొమ్మ వద్దు, ఎండేకొద్దీ పగుళ్లిచ్చి కొవ్వొత్తులు ఊగుతాయి.

మూరెడు పొడవు చాలు. ముందు అడుగు భాగం చదును చేయించు. బల్ల మీద పెట్టి వేలితో నెట్టి చూడు, దొర్లకూడదు. ఆ తర్వాతే పైన మూడు గుంటలు. చెక్క అంటుకోకుండా ఒక్కో గుంటలో లోహపు కప్పు దించాలి. అందుకే కప్పులు ముందు తెచ్చుకుని వాటి కొలతకే తొలిపించు. కొవ్వొత్తి 22 మిల్లీమీటర్లుంది కదా అని అంతే తొలిపిస్తే కప్పు పట్టదు.

ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు కొవ్వొత్తులు ఎక్కువమంది పెడతారు. ఏ రంగుకు ఏ అర్థమో ఇంటింటికీ మారుతుంది, మీ అత్తగారినే అడుగు. హాలీ, ఐవీ ఆకులు, పైన్ కాయలు దుంగ రెండు చివర్లా కట్టు, మంట దగ్గర వద్దు. ఆ ఆకులు ఎండితే ఇట్టే అంటుకుంటాయి, కాబట్టి ఆ రోజే కోసుకురా. హాలీ పళ్లు పిల్లల చేతికి అందనీయకు, నోట్లో పెట్టుకుంటే వాంతులవుతాయి.

ఆ రోజు అక్కడ 4 గంటలకే పొద్దుగూకుతుంది. ఇంట్లో లైట్లన్నీ తీసేసి, కాసేపు అందరూ చీకట్లోనే కూర్చోండి. ఈ భాగాన్ని తొందరపడి దాటేయకు. ఏడాదిలోకెల్లా పొడవైన రాత్రి అది, మర్నాటి నుంచి పగలు పెరుగుతుంది. సూర్యుణ్ణి వెనక్కి పిలిచే పండగ కాబట్టి ముందు చీకటి తెలియాలి. అప్పుడు వెలిగించండి.

పొయ్యి ఉన్న ఇళ్లలో నిరుటి దుంగ ముక్కతో కొత్త దుంగ ముట్టిస్తారు. భోగిమంటలా అంతా ఒక్కపూటలో బూడిద చేయరు. నువ్వు ఒక కొవ్వొత్తి ముక్కను దాచి, వచ్చే ఏడు దాంతో ముట్టించు.

రాత్రంతా వెలగాలని ఎవరైనా పట్టుబట్టినా, మీరు పడుకునే ముందు ఆర్పేయండి. కొన్నిచోట్ల దుంగను 12 రోజులపాటు కొద్దికొద్దిగా కాల్చేవారు. మీరూ మర్నాటి సాయంత్రం మళ్లీ వెలిగించుకోవచ్చు.

మీ పిన్ని