సార్జెంట్‌ని అడగడం ఎలా

చిరంజీవి బాబుకి,

పోస్టింగ్ వచ్చిందని తెలిసి సంతోషించాను. ముప్పై మందికి పైగా సైనికులున్న ప్లటూన్ నీ చేతికి వస్తోంది. అందులో నీ కింద పనిచేసే సీనియర్ అయిన సార్జెంట్ సర్వీసు దాదాపు నీ వయసంత ఉండొచ్చు. ఆయన కొట్టే సెల్యూట్ నీ ర్యాంకుకే గానీ, నీకు అన్నీ తెలుసని కాదు.

ప్రాణాపాయం, నిబంధనల ఉల్లంఘన ఉంటే తప్ప వెళ్లగానే ఏదీ మార్చకు. ఆయుధాల తనిఖీకి, రాత్రి కాపలా చూడటానికి ఆయన వెంట తిరుగు.

అడగడానికీ ఒక పద్ధతుంది. "నా ప్లాన్ ఇదీ, ఎలా ఉంది?" అన్నావంటే "బాగుంది సర్" అనే వస్తుంది. ముందు నీ ప్లాన్ చెప్పకు, పని చెప్పు. "తెల్లారేలోగా ఆ వాగు దాటాలి. మీరైతే ఎటు నుంచి దాటిస్తారు?" అని అడిగి ఊరుకో. చెప్పాక "ఎందుకలా?" అని అడుగు. "ఎప్పుడూ ఇలాగే చేస్తాం" అంటే అది కారణం కాదు, ఇంకాస్త తవ్వు. అనుభవజ్ఞులూ పాత అలవాటుకే అతుక్కుపోతుంటారు. ఇదంతా జవాన్ల ముందు వద్దు, ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడుకోండి. ఆయన "ఇది కుదరదు సర్" అన్న మొదటిసారి నీ మొహంలో చిరాకు కనపడిందా, రెండోసారి నోరు విప్పడు. విన్నాక నిర్ణయం మాత్రం నీదే. బెడిసికొడితే "సార్జెంట్ చెప్పాడు" అనడానికి వీల్లేదు.

కింది వాళ్ల మాట వింటే ఏం లాభమో ఒక ఉదాహరణ చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో ఫ్రాన్స్‌లోని నార్మండీలో పొలాల చుట్టూ ఉన్న మట్టిగట్లు, వాటిమీది దట్టమైన కంచెలు అమెరికన్ ట్యాంకులకు అడ్డుపడ్డాయి. గట్టెక్కుతున్న ట్యాంకు పలుచని అడుగుభాగం శత్రువుకు కనపడిపోయేది. ట్యాంకు ముందు ఉక్కు కోరలు బిగిస్తే గట్టును చీల్చుకుని పోవచ్చని చేసి చూపించింది కర్టిస్ కలిన్ అనే సార్జెంట్. జులైలో జనరల్ బ్రాడ్లీ అది కళ్లారా చూసి, పెద్ద ఎత్తున తయారుచేయమని ఆదేశించాడు. జర్మన్లు తీరంలో పాతిన అడ్డంకుల ఉక్కే అందుకు వాడారు. నాకు మరీ నచ్చింది ఇంకోటి: ఆలోచన తనది కాదు, రాబర్ట్స్ అనే సైనికుడిదని కలిన్ చెప్పాడు.

నువ్వూ అలాగే నివేదికలో ఎవరి ఆలోచనైతే వాళ్ల పేరు రాయి. పై అధికారి మెచ్చుకుంటే అక్కడికక్కడే ఆ పేరు చెప్పు.

చేరాక ఉత్తరం రాయి. మీ సార్జెంట్ ఎలాంటి మనిషో తెలుసుకోవాలనుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న